హిమపు రేకును చదివిన నావికుడు
విలియం స్కోర్స్‌బీ (1789–1857)

తెలుగు భాషలో మంచు అను ఒక్క మాట అనేక అర్థములను మోయుచున్నది. తెల్లవారుజామున గడ్డిపోచపై నిలుచు బిందువును మంచనియే అందురు. పుష్యమాసపు ఉదయమున త్రోవ కనబడకుండ కప్పివేయు తెల్లని తెరయు మంచే. హిమాలయ శిఖరములపై దూదిపింజలవలె రాలునదియు, చలిదేశములలో చెరువు నీటిని రాతివలె గట్టిపరచునదియు మంచే. పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి తెచ్చినవారు ఆకాశమునుండి రేకులుగా రాలు మంచునకు హిమము అను మాటను ఏర్పరచుకొనిరి. యోబు గ్రంథము 38వ అధ్యాయములో ప్రభువు తన భక్తుని అడిగిన అనేక ప్రశ్నలలో ఈ హిమమును గూర్చినదియు ఒకటి. సముద్రమును గూర్చి, ఉదయమును గూర్చి, నక్షత్రములను గూర్చి అడిగిన సృష్టికర్త ఈ చిన్న తెల్లని రేకును కూడ ఆ వరుసలో చేర్చుట గమనింపదగినది. యోబు ఆ ప్రశ్నలకు ఉత్తరమియ్యలేక నోటిమీద చేయి ఉంచుకొనెను.

నోటిమీద చేయి ఉంచుకొనుటయే గాక, కన్నులు తెరచి చూచుటయు భక్తిలో భాగమేయని తమ జీవితముచేత చూపినవారు కొందరు గలరు. అట్టివారిలో ఇంగ్లాండు దేశపు నావికుడు విలియం స్కోర్స్‌బీ ఒకడు. ఆయన పదియేండ్ల ప్రాయమున ఉత్తర ధ్రువ సముద్రమును చూచెను. ఇరువదియొక్క యేండ్లకు ఓడకు అధిపతి యాయెను. తిమింగలముల వేటలో పేరును ధనమును గడించెను. తన ఓడపై రాలిన హిమపు రేకులను ఓపికతో పరిశీలించి వాటి రూపములను లోకమునకు తెలిపెను. తరువాత ఓడను విడిచి సువార్త పరిచర్యలో ప్రవేశించెను. ఆ రెండు జీవితములకును నడుమ ఉన్న సంబంధమును తెలిసికొనుట లాభకరము.

విట్బీ రేవు బాలుడు

ఇంగ్లాండు ఈశాన్య తీరమున యార్క్‌షైరు సీమలో విట్బీ అను రేవు పట్టణము గలదు. దానికి సమీపమున నున్న క్రాప్టన్ గ్రామములో 1789 అక్టోబరు 5వ తేదీన విలియం జన్మించెను. తండ్రి పేరును విలియమే. ఆ తండ్రి పొలము పనులు విడిచి నావికుడై, తన సామర్థ్యముచేత ఆ కాలపు తిమింగల వేట ఓడల అధిపతులలో అగ్రగణ్యుడాయెను. ఓడ కొయ్యపై పీపావంటి గూడును కట్టి, కాపలావాడు చలిగాలి తగులకుండ దానిలో నిలిచి దూరమును చూచునట్లు 1807లో ఏర్పాటుచేసినవాడు ఆయనయే.

ఆ దినములలో ఐరోపా పట్టణముల దీపములు తిమింగలపు నూనెతో వెలుగుచుండెను. ప్రతి సంవత్సరము మార్చి నెలలో ఓడలు బయలుదేరి గ్రీన్‌లాండునకును స్పిట్స్‌బర్గెన్ దీవులకును మధ్యనున్న చలి సముద్రమునకు పోయి, వేసవి ముగియునప్పటికి తిరిగి వచ్చుచుండెను. కొన్ని తిరిగి రాకపోవుటయు కలదు. 1800లో పదియేండ్ల బాలుడైన విలియం తండ్రి నడుపుచున్న డండీ అను ఓడపై తొలిసారి ఆ సముద్రమునకు వెళ్లెను. 1803 మొదలు పనివాడుగా ప్రతి సంవత్సరము వెళ్లుచుండెను. 1806లో రెజల్యూషన్ అను ఓడపై తండ్రి అధిపతిగాను కుమారుడు ప్రధాన సహాయకుడుగాను ఉండగా, ఆ ఓడ 81 డిగ్రీల 30 నిమిషముల ఉత్తర అక్షాంశము వరకు చేరెను. అంతకు ముందు ఏ ఓడయు అంత ఉత్తరమునకు పోయినట్లు రూఢిగా తెలియదు.

ఇట్టి సాహసము సాధించిన యువకుడు దానితో తృప్తినొంది ఊరకుండవచ్చును. అయితే ఆ సంవత్సరము చలికాలమున ఆయన స్కాట్లాండు దేశమునందలి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో చేరి రసాయన శాస్త్రమును, ప్రకృతి శాస్త్రమును అభ్యసించెను. వేసవిలో సముద్రము, శీతకాలములో పాఠశాల; ఇట్లు కొంతకాలము గడచెను. అచ్చటి ఆచార్యుడు రాబర్ట్ జేమ్సన్ ఈ నావికుని యోగ్యతను గుర్తించెను. ధ్రువ ప్రాంతములను కన్నులార చూచినవారు అనేకులుండిరి గాని, చూచినదానిని కొలిచి, తూచి, వ్రాసియుంచువారు అరుదు. స్కోర్స్‌బీ వ్రాసిన సంగతులను జేమ్సన్ 1809లో ఎడిన్‌బరోలోని వెర్నేరియన్ సంఘపు పండితుల యెదుట ఉంచగా, వారు ఆయనను తమ సభ్యునిగా చేర్చుకొనిరి. లండను నగరములో రాయల్ సొసైటీ అధ్యక్షుడైన జోసెఫ్ బ్యాంక్సుతోను ఆయనకు స్నేహము కలిగెను.

1811లో రెజల్యూషన్ ఓడ ఆయన అధికారము క్రిందికి వచ్చెను. అదే సంవత్సరము మేరీ లాక్‌వుడ్ అను విట్బీ కన్యకను వివాహమాడెను.

ఓడపై రాలిన నక్షత్రములు

ఓడ అధిపతికి తీరిక యుండదు. గాలిని చూడవలెను, మంచుగడ్డల కదలికను కనిపెట్టవలెను, తిమింగలము కనబడగానే పడవలను దింపవలెను, పదుల కొలది మనుష్యుల ప్రాణములకు బాధ్యుడై యుండవలెను. ఇట్టి పనుల నడుమ స్కోర్స్‌బీ తన ఓడ చెక్కలపై రాలు హిమమును చూచుటకు వంగెను.

ఆయన వ్రాసిన లెక్క చొప్పున, ఆ సముద్రములో ఏప్రిల్, మే, జూన్ నెలలయందు పది దినములలో తొమ్మిది దినములు ఎంతో కొంత హిమము కురియును. నావికులకు అది పారలతో ఊడ్చి పారవేయవలసిన చెత్త మాత్రమే. అయితే ఒక్కొక్క రేకును వేరుచేసి చూచినచో, అది కొలతబద్దతో గీసినట్లు ఆరు మూలలతోనో ఆరు కొమ్మలతోనో ఉండును. ఐదు కొమ్మలదిగాని ఏడు కొమ్మలదిగాని కనబడదు. చలి తీవ్రముగా నున్న దినములలో ఆకాశము నిర్మలముగా కనబడుచుండగనే అతి సన్నని పలకలు గాలిలో తేలుచు, ఎండలో వజ్రపు పొడివలె మెరయుచుండెను.

ఈ ఆరు సంఖ్యను గూర్చి ఆశ్చర్యపడినవారు అంతకు ముందును ఉండిరి. గ్రహముల చలన సూత్రములను కనుగొనిన జర్మను దేశీయుడు యోహాను కెప్లరు 1611లో ఈ ప్రశ్ననే ఒక చిన్న పుస్తకముగా వ్రాసెను. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో హిమమును చూచి చిత్రించెను. అయినను వారు చూచినది నగరములలో రాలిన కొద్దిపాటి హిమము. స్కోర్స్‌బీకి దేవుడు హిమపు కొట్టునే తెరచి చూపినట్లాయెను.

ఆయన రూపములను గీయుటతో ఆగలేదు. ఆ రేకు రాలినప్పుడు చలి ఎంత, గాలి ఏ దిక్కునుండి వీచినది, ఆకాశము ఎట్లున్నది అనునవి కూడ వ్రాసికొనెను. ఇట్లు ఏండ్లకొలది చేసిన పరిశీలనను క్రోడీకరించి, 1820లో ధ్రువ ప్రాంతములను గూర్చియు తిమింగల వేటను గూర్చియు ప్రచురించిన రెండు సంపుటముల గ్రంథములో 96 హిమ స్ఫటికముల చిత్రములను చేర్చెను.

వాటిని ఆయన ఐదు తెగలుగా విభజించెను. మొదటి తెగవి పలుచని పలకలు. నక్షత్రమువలె ఆరు కొమ్మలు గలవియు, ఆరు పలకల చదునైన బిళ్లలును వీటిలో చేరును. రెండవ తెగవి ఒక నడిమి గింజనుండి నానా దిక్కులకు ముండ్లు పొడుచుకొని వచ్చినవి. మూడవ తెగవి సన్నని సూదులు లేక ఆరు పలకల కడ్డీలు. నాలుగవ తెగవి ఆరు ముఖముల గోపురములవంటివి. ఐదవ తెగవి అత్యంత అరుదైనవి. బండి ఇరుసునకు రెండు కొనలయందును చక్రములు బిగించినట్లు, ఒక కడ్డీకి ఒక కొననో రెండు కొనలనో చదునైన పలకలు అతికియుండును.

నక్షత్రపు రూపములు నీరు గడ్డకట్టు హద్దునకు దగ్గరగా నున్న చలిలో విస్తారముగా కురియుననియు, చలి మిక్కిలి హెచ్చినప్పుడు పలకలు చిన్నవై పలుచనగుననియు ఆయన గమనించెను. హిమపు రేకు రూపమునకును అది పుట్టిన చలికిని సంబంధము కలదని ఇంత విస్తారమైన పరిశీలనతో చూపినవారిలో ఆయన ప్రథములలోనివాడు.

అయినను ఈ భేదములకు కారణమేమని అడిగినప్పుడు, చలి కొంతవరకే కారణమని చెప్పి, మిగిలినది తనకు అందనిదని ఆయన ఒప్పుకొనెను. మనుష్యుని కన్ను పడని చోట, క్షణములో కరగిపోవు అల్పమైన వస్తువునందు సహితము సృష్టికర్త ఇంత శ్రద్ధ చూపెనని ఆయన తన గ్రంథములో సాక్ష్యమిచ్చెను. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పక, తెలిసినదానిని దాచక వ్రాసిన ఆ పుటలు పండితుల గౌరవమును పొందెను.

సముద్రము గడ్డకట్టు విధము

సముద్రము తీరమునకు దూరముగా గడ్డకట్టదనియు, నేల అండయుండిననే మంచుగడ్డ ఏర్పడుననియు ఆ కాలమున అనేకులు తలంచిరి. స్కోర్స్‌బీ తన కన్నులయెదుట, భూమి జాడయైనను లేని చోట, సముద్రము గడ్డకట్టుటను చూచి దాని క్రమమును వర్ణించెను.

మొదట నీటిలో సన్నని స్ఫటికములు పుట్టును. అది చల్లని నీటిలో హిమమును చల్లగా కరగక నిలిచినట్లుండును. ఈ చిక్కని పొర వ్యాపించగానే, నూనె పోసినట్లు అలల అలజడి అణగిపోవును. తరువాత ఆ స్ఫటికములు ఒకదానికొకటి అంటుకొని చిన్న చిన్న గుండ్రని బిళ్లలగును. అలల ఊపునకు ఇవి ఒకదానినొకటి ఒరసికొనుటచేత వాటి అంచులు పైకి లేచి, పెనముపై కాలిన అట్లవలె కనబడును. బిళ్లలు బిళ్లలతో కలిసి పెద్దవై, తుదకు ఓడను బంధించు పలకలగును. ఉప్పునీరు మంచినీటికంటె అధికమైన చలిలో, అనగా సెంటీగ్రేడు మానమున సున్నాకు దిగువ సుమారు 1.8 డిగ్రీలయొద్ద గడ్డకట్టును. స్ఫటికము పెరుగునప్పుడు ఉప్పును తనలో చేర్చుకొనక బయటకు నెట్టివేయును. అందుచేతనే బాగుగా పాతబడిన సముద్రపు మంచుగడ్డ కరగిన నీరు త్రాగుటకు వీలగును.

ఈ సంగతులను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1815లో వెర్నేరియన్ సంఘము నెదుట చదువబడెను. సముద్రపు లోతులలోని నీటిని పైకి తెచ్చు పరికరముతో ఆయన మరియొక సంగతిని గ్రహించెను: ఆ ధ్రువ సముద్రములో అడుగుననున్న నీరు పైనున్న నీటికంటె వెచ్చగా నుండెను.

ఒకప్పుడు ఆయన నిర్మలమైన మంచుగడ్డను చెక్కి, నునుపుచేసి, భూతద్దమువలె మలచెను. దానిగుండా సూర్యకిరణములను ఒకచోటికి చేర్చి కట్టెను కాల్చెను, తుపాకిమందును మండించెను, సీసమును కరిగించెను, నావికుల పొగత్రాగు గొట్టములను వెలిగించెను. మంచుగడ్డ తాను కరగక అగ్నిని పుట్టించుట చూచి నావికులు విస్మయమొందిరి. గొప్ప జ్ఞానమును సామాన్యుల చేతికందించు నేర్పు ఆయనకు అప్పుడే యుండెను. ముందు ముందు ప్రసంగ వేదికపై ఆ నేర్పు ఆయనకు అక్కరకు వచ్చెను.

ఆదివారపు నిర్ణయము

తిమింగల వేటలో నావికుని సంపాదన కేవలము నెల జీతము కాదు; పట్టిన నూనె కొలతనుబట్టి అతనికి వంతు దొరకును. అందుచేత తిమింగలము కనబడిన గడియయే పని గడియ. ఆదివారమని ఎవరును ఎంచుకొనరు. ఆ పనికి కొద్ది నెలల వేసవియే గడువు. ఓడ యజమానులు లాభమును కోరుదురు. నావికుల భార్యబిడ్డలు రాబడికై ఎదురుచూతురు.

స్కోర్స్‌బీ యౌవనమునుండి దైవభయము గలవాడే. అయితే నౌకాధిపతియైన తరువాతి సంవత్సరములలో ఆయన విశ్వాసము మరింత వేరుపారెను. ఆదివారము ఆరాధనకును విశ్రాంతికిని చెందినదని ఎరిగియుండియు, తన అధికారము క్రిందనున్నవారిచేత ఆ దినమున వేటాడించుట ఆయన మనస్సాక్షికి భారమాయెను. తుదకు తన ఓడపై ఆదివారమున వేట మాన్పించెను. ఆ దినమున ఓడపైనున్నవారిని సమకూర్చి ఆరాధన జరిపించెను.

ఇది నావికులకు మొదట రుచింపలేదు. కనులయెదుట తిమింగలము లేచి నీటిని చిమ్ముచుండగా చేతులు కట్టుకొని నిలుచుట వారికి ప్రయాసమాయెను. ఆ నిర్ణయముచేత నష్టపోవువాడు తానొక్కడే గాడనియు, పేదవారి రొట్టెయు దానితో ముడిపడియున్నదనియు స్కోర్స్‌బీ ఎరుగును. దీనిలోనే ఆ నిర్ణయపు బరువున్నది. అయినను ఆయన వెనుకంజ వేయలేదు. ప్రయాణము ముగిసి లెక్క చూచినప్పుడు తన ఓడ ఇతర ఓడలకు తీసిపోలేదనియు, విశ్రాంతి పొందిన మనుష్యులు మిగిలిన దినములలో మరింత ఉత్సాహముతో పనిచేసిరనియు ఆయన కనుగొనెను. ఈ అనుభవములను 1835లో ధ్రువ సముద్రమున గడపిన విశ్రాంతి దినములను గూర్చిన పుస్తకముగా ప్రచురించెను.

అట్లని ఆయన జీవితములో తుపానులు లేకపోలేదు. 1816లో ఆయన నడుపుచున్న ఎస్క్ అను ఓడ మంచుగడ్డలకు తగిలి అడుగు చీలి నీటితో నిండెను. అనేక దినములు రేయింబవళ్లు శ్రమించి, ఆ దెబ్బతిన్న ఓడను ఆయనయు ఆయన మనుష్యులును విట్బీకి చేర్చిరి. ఏ మంచు స్ఫటికముల సౌందర్యమును ఆయన చిత్రించుచుండెనో, ఆ స్ఫటికములే కోట్లకొలది కూడి ఓడ పలకలను పిండిచేయగలవని ఆయనకంటె బాగుగ ఎరిగినవారు లేరు.

మూయబడిన ద్వారము

1817లో గ్రీన్‌లాండు సముద్రములో మంచుగడ్డలు ఎన్నడును లేనంతగా తొలగిపోయి, నీరు విశాలముగా తెరచుకొని యుండుటను స్కోర్స్‌బీ చూచి ఆ వార్తను జోసెఫ్ బ్యాంక్సునకు వ్రాసెను. ఉత్తర దిక్కున ఓడలకు మార్గము వెదకుటకు ఇదియే సమయమని ప్రభుత్వమువారు తలంచి, 1818లో రెండు యాత్రలను ఏర్పాటుచేసిరి. ఆ వార్త తెచ్చినవాడును, ఆ సముద్రమును చిన్ననాటినుండి ఎరిగినవాడును స్కోర్స్‌బీయే. ఆ యాత్రలలో ఒకదానికి నాయకత్వము తనకు లభించునని ఆయన ఆశించెను. అయితే రాజ నౌకాదళపు అధికారులకే ఆ పదవులు ఇయ్యబడెను. వేట ఓడల నావికునికి ఆ గౌరవము దక్కలేదు.

ఆయన మనస్సు నొచ్చుకొనెను గాని చేదుకాలేదు. తన పరిశీలనలను కూర్చి గ్రంథము వ్రాయుటకు పూనుకొనెను. 1820లో వెలువడిన ఆ గ్రంథమే ఆయన కీర్తికి ఆధారమాయెను. ఆయనకు కోరిన పదవి దొరికియుండినయెడల ఆ గ్రంథము ఇంత సంపూర్ణముగా వెలువడియుండునో లేదో ఎవరును చెప్పజాలరు.

1822లో బాఫిన్ అను తన ఓడపై వెళ్లి, వేట పనితోపాటు గ్రీన్‌లాండు తూర్పు తీరమును సుమారు 400 మైళ్ల పొడవున కొలిచి పటము గీసెను. అంతకు ముందు ఆ తీరపు పటములు మిక్కిలి తప్పులతడకలు. అచ్చటనున్న విశాలమైన సముద్రపు పాయకు తన తండ్రి జ్ఞాపకార్థముగా స్కోర్స్‌బీ పేరు పెట్టెను. నేటికిని ఆ పేరు పటములలో నిలిచియున్నది.

ఆయన జీవితములో అది మిక్కిలి ఫలభరితమైన యాత్ర. ఆ ఆనందముతో లివర్‌పూల్ రేవునకు చేరిన ఆయనకు ఎదురైన వార్త, తన భార్య మేరీ తాను సముద్రముపై నున్న కాలముననే మరణించెనని. తీరములకు పేర్లు పెట్టుచు, పటములు గీయుచు తాను సంతోషించిన దినములలో ఇంటి దీపము ఆరిపోయినదని ఆయన ఎరుగడు. 1823లో మరియొకసారి వేటకు వెళ్లివచ్చెను. అదియే ఆయన కడపటి తిమింగల వేట యాత్ర.

ఓడనుండి వేదికకు

తల్లిలేని బిడ్డలు గల ఆ తండ్రి యెదుట రెండు మార్గములుండెను. వేటలో కొనసాగినయెడల ధనము కొదువలేదు. గురువుయొక్క ఉద్యోగమున రాబడి బహు స్వల్పము. ఆయన చాలకాలముగా మనస్సులో దాచుకొనిన పిలుపునకు లోబడి, కేంబ్రిడ్జిలో చదివి, 1825లో ఆంగ్లికన్ సంఘములో అభిషేకము పొంది, బ్రిడ్లింగ్టన్ పట్టణమునకు సమీపమున బెసింగ్‌బీ అను పల్లెలో సహాయ గురువుగా చేరెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు దాటెను. ముందటి సంవత్సరమే లండను రాయల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనియుండిరి. అట్టి కీర్తిగలవాడు పల్లె సంఘములో సేవచేయుట తనకు తక్కువయని తలంచలేదు.

1827లో లివర్‌పూల్ నావికుల సంఘమునకు ఆయన కాపరి యాయెను. ఆ ఆలయము రాతి కట్టడము కాదు. టీస్ అను పాత యుద్ధనౌకను రేవులో నిలిపి, దానినే ఆరాధన స్థలముగా మార్చియుండిరి. ఉప్పుగాలి వాసన పోని దుస్తులతోనే నావికులు దానిలోనికి వచ్చి కూర్చుండుచుండిరి. తుపానును చూచినవాడు తుపానులోనివారితో మాటలాడునప్పుడు వినని చెవి ఉండదు. ఆ కొలువునకు ఇంతకంటె తగినవాడు మరియొకడు లేడని చెప్పవచ్చును.

తరువాత ఎక్సెటర్ నగరములో సేవచేసి, 1839లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణపు విచారణ గురువుగా నియమింపబడెను. అది నూలు, ఉన్ని మిల్లుల పట్టణము. చిన్న బిడ్డలు సహితము మిల్లులలో పనిచేయుచుండిరి. ఆ బిడ్డలకు పాఠశాలలు నెలకొల్పుటకు ఆయన చాల పాటుపడెను. 1844లో అమెరికా దేశమునకు వెళ్లినప్పుడు అచ్చటి మిల్లులలో పనిచేయు స్త్రీల స్థితిగతులను విచారించి ఒక పుస్తకము వ్రాసెను. బ్రాడ్‌ఫర్డ్‌లో ఆయన దినములు సుఖముగా గడవలేదు. సంఘ పన్నులను గూర్చిన తగవులు ఆయనను నలిపివేసెను; ఆరోగ్యము చెడెను; 1847లో ఆ పదవిని విడిచెను. ఓడపై ఒక మాటతో పనిచేయించినవాడు సంఘములో సహనముతో పనిచేయుట నేర్చుకొనవలసి వచ్చెను. ఆ పాఠము ఆయనకు సులభమైనది కాదు.

పరిశోధన మాత్రము ఆగలేదు. అట్లాంటిక్ మహాసముద్రమును దాటునప్పుడు తుపాను అలల ఎత్తును కొలిచెను. అయస్కాంత శక్తిని గూర్చి జేమ్స్ జౌల్ అను శాస్త్రజ్ఞునితో కలిసి ప్రయోగములు చేసెను. ఇనుప ఓడలు వచ్చిన తరువాత, ఓడ ఇనుమే దిక్సూచిని తప్పుదారి పట్టించి ఓడలు నాశనమగుట ఆయన హృదయమును కలచివేసెను. 1856లో అరువదియారేండ్ల వయస్సున, రాయల్ చార్టర్ అను ఇనుప ఓడపై ఆస్ట్రేలియా వరకు ప్రయాణించి, భూమధ్యరేఖను దాటిన తరువాత ఓడలోని అయస్కాంత శక్తి ఎట్లు మారునో స్వయముగా కొలిచెను. దిక్సూచిని ఓడ ఇనుమునకు దూరముగా ఎత్తైన కొయ్యపై నుంచుట క్షేమమని ఆయన బోధించెను. ఆ ప్రయాణపు అలసటనుండి తేరుకొనకయే, 1857 మార్చి 21వ తేదీన టార్కీ పట్టణములో ప్రభువునందు నిద్రించెను.

ఆయన విడిచిన ప్రశ్నకు ఉత్తరము

తనకు అందలేదని స్కోర్స్‌బీ ఒప్పుకొనిన సంగతిని తరువాతి తరములవారు కొంతవరకు విప్పిరి. అమెరికాలో వెర్మాంట్ సీమకు చెందిన రైతు విల్సన్ బెంట్లీ 1885 మొదలు హిమపు రేకులకు ఛాయాచిత్రములు తీసెను. జపాను దేశమున హొక్కయిడో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఉకిచిరో నకాయా, 1936 మార్చి నెలలో చలిగదిలో కుందేటి వెండ్రుక కొనపై మొదటి కృత్రిమ హిమ స్ఫటికమును పెంచెను. చలిని, తేమను తన ఇచ్చచొప్పున మార్చుచు, ఏ స్థితిలో ఏ రూపము పెరుగునో ఆయన పటముగా గీసెను.

ఇప్పుడు తెలిసిన సంగతి ఇది. మేఘములోని సూక్ష్మమైన నీటి బిందువులు సున్నా డిగ్రీకి దిగువకు పోయినను వెంటనే గడ్డకట్టవు. ధూళికణము వంటి ఆధారము దొరికినప్పుడు ఒక బిందువు గడ్డకట్టును. మంచుగడ్డ తన చుట్టునున్న గాలిలోని ఆవిరిని నీటి బిందువులకంటె బలముగా ఆకర్షించును; అందుచేత చుట్టునున్న బిందువులు ఆవిరై తరిగిపోవుచుండగా స్ఫటికము పెరుగును. మంచులో నీటి అణువులు ఆరు మూలల అమరికలో కూడియుండుటచేత స్ఫటికమునకు ఆరు ముఖములు వచ్చును. మూలలు ముందుకు పొడుచుకొనియుండుటచేత ఆవిరి మొదట వాటికే అందును. తేమ సమృద్ధిగా నున్నయెడల మూలలే కొమ్మలై సాగును. తేమ తక్కువైనయెడల స్ఫటికము నిదానముగా పెరిగి సాదా పలకగానో కడ్డీగానో నిలుచును.

చలి హెచ్చుతగ్గులనుబట్టి రూపము మారును. సున్నాకు కొంచెము దిగువ పలుచని పలకలు. 5 డిగ్రీల దిగువన సూదులు, కడ్డీలు. 15 డిగ్రీల దిగువన విశాలమైన కొమ్మల నక్షత్రములు. అంతకు మించిన తీవ్రమైన చలిలో చిన్న పలకలును కడ్డీలును పుట్టును. ఇరుసునకు చక్రములు బిగించినట్లు స్కోర్స్‌బీ చిత్రించిన ఆ అరుదైన రూపమునకు కారణము దీనివలన తెలియవచ్చెను. ఆ రేకు ఒక చలిలో కడ్డీగా పుట్టి, గాలికి కొట్టుకొనిపోయి వేరొక చలిలో ప్రవేశించగా, కొనలయందు పలకలు పెరిగెను. ఒక్కొక్క రేకు ఆకాశములో తాను గడచివచ్చిన త్రోవను తన రూపములో వ్రాసికొని దిగివచ్చుచున్నది. ఆరు కొమ్మలును ఒకే త్రోవలో పోవుటచేత అవి ఒకదానినొకటి పోలియుండును. రెండు రేకులు సరిగా ఒకే త్రోవలో పోవుట దుర్లభము గనుక వాటి రూపములు వేరగును.

స్కోర్స్‌బీ నిజాయితీగా చలిని, గాలిని, రూపమును కలిపి వ్రాసియుంచుటచేతనే ఆయన చిత్రములు నేటికిని విలువగలవై యున్నవి. ఆయన ఎడతెగక వేటాడిన తిమింగలములు మాత్రము ఆ సముద్రములో దాదాపు నశించిపోయెను. ఆ కాలపు మనుష్యులు సముద్రపు సమృద్ధికి అంతములేదని తలంచి పొరబడిరి. ఆయన పట్టిన నూనె కాలిపోయెను. సంపాదించిన ధనము ఖర్చాయెను. పనిలేనివాని పనియని తోటివారు తలంచదగిన ఆ హిమపు రేకుల చిత్రములు మిగిలెను.

ఆలోచింపదగినది

హిమపు రేకు రూపము అది గడచివచ్చిన చలినిబట్టి ఏర్పడును. స్కోర్స్‌బీ జీవితమును అట్లే చూడవచ్చును. తండ్రి శిక్షణ, ఎడిన్‌బరో పాఠము, మంచుగడ్డల నడుమ భయము, దక్కని గౌరవము, రేవున ఎదురైన మరణవార్త, బ్రాడ్‌ఫర్డ్ తగవులు. ఇవన్నియు ఆయనపై వీచిన గాలులు. ఆ గాలులను ఆయన కోరుకొనలేదు. అయినను అవి లేకుండ లివర్‌పూల్ రేవునందలి ఆ పాత ఓడలో నావికుల యెదుట నిలిచిన ఆ కాపరి రూపుదిద్దుకొనియుండడు.

రెండవ సంగతి ఆయన చూపు. కోట్లకొలది రాలుచున్న హిమములో ఒక్క రేకును వేరుచేసి చూచినవాడే, తరువాత మిల్లు గుంపులో ఒక్క బిడ్డను, రేవు సందడిలో ఒక్క నావికుని చూడగలిగెను. పిచ్చుకలను లెక్కించుచు, తలవెండ్రుకలను ఎరిగియున్న తండ్రిని సేవించువానికి అల్పమైనదని విడువదగినది లేదు. ఆ రేకు అరచేతిలో క్షణకాలమే నిలుచును. ఆ క్షణమునందే దానిని చూడవలెను. పొరుగువాని కన్నీటిని చూచుటకును దొరకు సమయము ఒక్కొక్కప్పుడు అంతమాత్రమే.